ఇసుక బాంబులు

మా మొగలితిప్ప మీద పడిన విమానంలో
బాంబులు లేవు. ఇసుక ఉంది.
ఇనప గొట్టాల్లో కూరిన ఇసుక, ఎర్రగా.
మన గోదారిది మాత్రం కాదని
చిటికెడు నాలిక మీద వేసుకుని చెప్పాడట తాత.

జపానువాడు కాకినాడ మీద బాంబులేసి
రెండేళ్ళయింది అప్పటికి.
ఆకాశంలో ఏది మోగినా
ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని
మడ చెట్ల కిందికి పరిగెత్తే రోజులు.
తాత పరిగెత్తలేదు. నీళ్ళు పాటు తీస్తున్నాయి,
ఇప్పుడు వల విప్పకపోతే చేప పోతుంది.
గడ మీద చెయ్యేసి తలెత్తి చూశాడు:
ఒక రెక్క వంచుకుని,
గుడ్లు పెట్టే చోటు వెతికే కొంగలా
రెండు చుట్లు తిరిగింది.
మూడో చుట్టు లేదు.

బురద చప్పుడు చెయ్యనివ్వదు.
తడి గోనెసంచి దించినట్టు, అంతే, అనేది మామ్మ.
చాలాసేపటికి మంట.

ఒకడు బతికున్నాడు, పోటు వచ్చేదాకా.
మీసమింకా రాని మొహం, నడుం దాకా బురద.
ముంతతో నీళ్ళు పట్టిస్తే సగం తాగి
ఒక చెయ్యి పూర్తిగా విప్పాడు,
రెండో చేతి బొటనవేలొక్కటే ఎత్తాడు.
మళ్ళీ విప్పాడు. మళ్ళీ ఎత్తాడు.
ఆరు రూపాయలిస్తానంటున్నాడనుకున్నాడు తాత.
"డబ్బొద్దు బాబూ, పోటొస్తోంది, చెయ్యియ్యి"
అని తెలుగులోనే బతిమాలాడు.

చీకటి పడేలోపు ఐదుగురు దొరికారు,
అతనితో కలిపి.
దోనెలో పక్కపక్కన పడుకోబెట్టి
రొయ్యల బుట్టల మీది ఈతాకు చాప కప్పి
రాత్రంతా లాంతరు పట్టుకుని
పీతల్ని తోలుతూ కూర్చున్నాడు.

మర్నాడు లాంచీలో దొరలొచ్చారు.
కాగితం చూసి గుమాస్తా పేర్లు చదివాడు,
పెనోక్, గిల్‌రాయ్, ఇంకా నోరు తిరగనివి.
పేరుకో వేలు ముడిచాడు తాత.
చెయ్యి నిండిపోయింది.
ఇంకో పేరు మిగిలింది.
అప్పుడర్థమైందట ఆ బొటనవేలు.

"శిక్షణకని ఎగిరారు" అన్నాడు కరణం.
తాత చెవుల్లో ఇంకా బురద, రాత్రి పోయిన నిద్ర.
ఆఖరి అక్షరం వినబడలేదు.
"ఏం చేశారని వీళ్ళకి శిక్ష?"
కరణం నవ్వబోయి ఆగిపోయాడు.
ఏమంటున్నాడని దొర అడిగాడు.
గుమాస్తా ఇంగ్లీషులో ఏం చెప్పాడో,
దొర టోపీ తీసి చేత్తో పట్టుకుని
లాంచీ ఎక్కేదాకా మళ్ళీ పెట్టుకోలేదు.

ఆ నెల తిప్ప మీద ఎవరూ పీతలు తినలేదు.
రెండో నెల తిన్నారు. బియ్యం లేవు.
మామ్మ ఎప్పుడూ దాచలేదు దాన్ని.
మొదటి డెక్క విరిచింది తనేనని చెప్పేది,
అడగకపోయినా.

మాకు రెక్క ముక్క ఒకటి మిగిలింది,
మంచమంత, చీమల బారులా మేకులతో.
దాని మీద మెత్తళ్ళు ఎండబెట్టేవాళ్ళం.
ఇసుక అంటదు, తొందరగా ఆరతాయి.
నేను అక్షరాలు దిద్దిందీ దాని మీదే, బొగ్గుతో.
తొంభై ఆరు గాలివానకి చూరు మీంచి లేచి
ఏ శిక్షణా లేకుండా
ఉప్పుటేరు దాటి ఎగిరిపోయింది.

దొరకనివాడు ఆ ఆరుగురిలో ఎవరో
తాతకి ఎవరూ చెప్పలేదు.
బొటనేలు బాబు అనేవాడు.
గడ వేస్తుంటే బురదలో గట్టిగా ఏదైనా తగిలితే
మెల్లిగా తీసి పక్కకి వేసేవాడు,
నిద్రపోతున్నవాణ్ణి తొక్కకుండా దాటినట్టు.

నాది మోటారు పడవ.
ఆ మలుపు దగ్గర ఇంజను ఆపుతాను.
భక్తి కాదు, భయమూ కాదు, అలవాటు.
ఇంజను ఆగాక కూడా
కాసేపు ముందుకే పోతుంది పడవ.